మానిటర్ మీద బీపీ తగ్గింది, గాయంలో రక్తస్రావం తగ్గలేదు

స్కోలియోసిస్ (వెన్నెముక పక్కకు వంగడం) ఆపరేషన్ కోసం బోర్లా పడుకోబెట్టిన పన్నెండు, పదమూడేళ్ల పిల్లకు, రక్తస్రావం తగ్గాలని మీన్ ప్రెషర్‌ను (సగటు రక్తపోటును) మందుతో అనుకున్నట్టే 60 mmHgకి తెచ్చారు, అయినా గాయం తడి ఆరడం లేదు, సర్జన్ ఇంకా తగ్గించమంటున్నారు. ఈ దశలో చాలామంది మత్తు డాక్టర్ల చెయ్యి బీపీ తగ్గించే మందు పెంచడానికి నేరుగా సిరంజి పంపు మీదికి పోతుంది.

దానికంటే ముందు ట్రాన్స్‌డ్యూసర్‌ను, అంటే ధమనిలోని పీడనాన్ని కొలిచి మానిటర్‌కు పంపే పరికరాన్ని చూడాలి. సర్జన్ కోసం టేబుల్‌ను దించినప్పుడు స్టాండుకు బిగించిన ట్రాన్స్‌డ్యూసర్ పైనే ఉండిపోతుంది. గుండె మట్టానికి అది 10 సెంటీమీటర్లు పైన ఉంటే అసలు కంటే సుమారు 7.5 తక్కువ చూపుతుంది, అంటే మీ 60 నిజానికి 67కు పైనే. టేబుల్‌ను ఎత్తితే జరిగేది దీనికి వ్యతిరేకం, అసలు పీడనం మానిటర్ చూపేదానికంటే తక్కువగా ఉంటుంది, అది మరింత ప్రమాదం. మట్టం సరిచేసి, జీరో చేసి, కఫ్ కొలతతో పోల్చుకోండి. నాడి వేగంగా ఉంటే నొప్పి మందు చాలడం లేదేమో చూసుకోవాలి. నొప్పి మందు ఫెంటనిల్‌తో పోయేదానికి బీపీ తగ్గించే నైట్రోగ్లిజరిన్ అక్కర్లేదు.

ఇవన్నీ సరిగ్గానే ఉంటే పొట్టను అనుమానించండి. పొట్ట నొక్కుకుపోతే అధో మహాసిర (కింది భాగం నుంచి గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిర) మీద ఒత్తిడి పడి, రక్తం కవాటాలు లేని వెన్నెముక సిరల్లోకి మళ్లుతుంది. ఎముక నుంచి, ఎపిడ్యూరల్ సిరల (వెన్నుపాము పొర చుట్టూ ఉండే సిరల) నుంచి ఊరే ఆ రక్తం ధమని పీడనాన్ని పెద్దగా లెక్కచేయదు. అది ముదురు రంగులో, చిమ్మకుండా, గాయమంతటా ఊరుతూ ఉంటుంది. బోర్లా తిప్పిన వెంటనే ఉన్నదానికంటే శ్వాసనాళ పీడనం పెరిగి ఉంటుంది. పిల్లల మొండెం పొట్టి కావడంతో పెద్దల కొలతకు చేసిన దిండ్లు పొట్ట కిందికి వచ్చేస్తాయి. మొదట సరిగ్గా అమర్చినా సర్జన్ ఆనుకునేసరికి జారుతాయి. మాస్క్ వెంటిలేషన్‌లో కడుపులోకి వెళ్లిన గాలి దీనికి తోడవుతుంది. మోటార్ పొటెన్షియల్స్ (వెన్నుపాము పనిచేస్తోందో చూపే కండరాల విద్యుత్ సంకేతాలు) కోసం కండరాల సడలింపు మందు ఆపి ఉంచడం వల్ల పొట్ట గోడ కూడా బిగుసుకుని ఉంటుంది.

డ్రేప్ (ఆపరేషన్‌లో కప్పే గుడ్డ) కింద పక్క నుంచి అరచెయ్యి దూర్చండి. పొట్టకూ టేబుల్‌కూ మధ్య అది ఎక్కడా ఇరుక్కోకూడదు. ఇరుక్కుంటే సర్జన్‌ను ఆగమని చెప్పి, గాయాన్ని ప్యాక్ చేయించి, పై దిండు పక్కటెముకల అంచు దాటకుండా, కింది దిండు తుంటి ఎముకల మీదే ఆనేలా జరిపించండి. నాసోగ్యాస్ట్రిక్ గొట్టంతో (ముక్కు నుంచి కడుపులోకి వేసే గొట్టం) గాలి తీసేయండి. సర్జన్ విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి. దిండు జరపకుండా మందు పెంచుకుంటూ పోతే, ఒకవైపు ధమని పీడనం పడిపోయి మరోవైపు సిర పీడనం పెరిగి వెన్నుపాముకు రక్తం చాలదు. ఆ మోటార్ సంకేతాలు తగ్గితే ధమని పీడనాన్ని తక్షణం పైకి తేవాలి. రాడ్‌తో వంపు సరిచేసే ముందైతే ఎలాగూ దాన్ని పిల్లకు మామూలుగా ఉండే స్థాయికి తెచ్చి ఉంచాలి.

రక్తం ఎక్కువగా పోయాక గడ్డకట్టే శక్తి తగ్గడం, ఒళ్లు చల్లబడటం పరీక్షలతో, థర్మామీటర్‌తో తేలిపోతాయి. ఫియోక్రోమోసైటోమా (బీపీని పెంచే హార్మోన్లు విడుదల చేసే గడ్డ) వంటివి పొట్ట కింద చెయ్యి పెట్టి చూశాక ఆలోచించవచ్చు. బీపీ తగ్గించే నైట్రోప్రస్సైడ్ మోతాదు పెంచుతున్నా పనిచేయక, రక్తంలో ఆమ్లత కూడా పెరుగుతుంటే, ఆ మందు నుంచి విడుదలయ్యే సైనైడ్ విషాన్ని అనుమానించి మందును వెంటనే ఆపేయాలి.