పాత లెదర్ జాకెట్ వేట – నాలుగో భాగం: దేనికోసం ఆగాలి, దేనికోసం ఆగక్కర్లేదు

మొదటి మూడు భాగాల్లో కొలతలు తీసుకోవడం, తోలు రకాలు గుర్తుపట్టడం, అమ్మేవాళ్లు పెట్టే ఫొటోల్లో ఏమేం చూడాలో నేర్చుకున్నాం. పోయినసారి ఇచ్చిన పని చేసి ఉంటే ఈపాటికి మీ దగ్గర ఒక కాగితం ఉండాలి. మీకు బాగా కుదిరిన జాకెట్‌ని బల్ల మీద పరిచి తీసిన నాలుగు కొలతలు అందులో ఉంటాయి: చంక నుంచి చంకకు, ఒక భుజం కుట్టు నుంచి రెండో భుజం కుట్టుకు, భుజం కుట్టు నుంచి చేతి అంచు దాకా, కాలర్ కింది కుట్టు నుంచి జాకెట్ కింది అంచు దాకా. ఈ పాఠమంతా ఆ కాగితం మీదే నడుస్తుంది. ఇంకా రాసుకోకపోతే ముందు ఆ పని చేసి రండి.

ఈ వేటలో చాలామంది దెబ్బతినేది చివర్లో. నెలల తరబడి వెతికాక విసుగొస్తుంది. ఆ సమయంలో కోరుకున్నదానికి కాస్త దగ్గరగా ఉన్నదేదో కనిపిస్తుంది. భుజం ఒక అంగుళం తక్కువ, చేతులు కొంచెం పొట్టి, అయినా రంగు అదే, కంపెనీ అదే. "వేసుకుంటుంటే సర్దుకుంటుందిలే" అనుకుని కొనేస్తారు. రెండుసార్లు వేసుకున్నాక అది అల్మారాలోకి వెళ్లిపోతుంది. దానికి పెట్టిన డబ్బు కూడా దాంతోపాటే ఇరుక్కుపోతుంది. తర్వాతి నెలలో అసలుది కనిపించినా కొనడానికి చేతిలో ఏమీ ఉండదు.

దీనికి ఎదురు తప్పు చేసేవాళ్లూ ఉన్నారు. కొలతలన్నీ సరిపోయిన జాకెట్‌ని లైనింగ్ చిరిగిందని, జిప్ పట్టేసిందని వదిలేస్తారు. తాము చాలా ఓపికగా ఉన్నామని అనుకుంటారు గానీ, దొరికినదాన్ని చేజేతులా పోగొట్టుకుంటున్నారు. అందుకే ఊరికే "ఓపిక పట్టండి" అని చెబితే పాఠం పూర్తి కాదు. ఏ లోపానికి ఆగాలో, ఏ లోపాన్ని చూసీ చూడనట్టు పోవాలో తెలియాలి. నా లెక్కలో కొలతలకోసం, తోలు ప్రాణంకోసం ఎన్నాళ్లయినా ఆగొచ్చు. మిగతావాటికోసం ఒక్కరోజు కూడా ఆగక్కర్లేదు.

తోలు ఎందుకు సర్దుకోదు

గుడ్డతో కుట్టిన కోటు బిగుతుగా ఉంటే దర్జీ పాత కుట్టు విప్పి, లోపల మడిచిన గుడ్డని కాస్త వదిలి మళ్లీ కుడతాడు. ఇస్త్రీ చేస్తే పాత సూది గుర్తులు చాలావరకు పోతాయి. తోలులో అలా కుదరదు. సూది తోలుని పొడిచిందంటే ఆ రంధ్రం శాశ్వతం. పైగా తోలు మందంగా ఉంటుంది కాబట్టి కుట్టు లోపల మడతకు వదిలేది చాలా తక్కువ. ఎక్కువ వదిలితే కుట్టు దగ్గర గట్టుకట్టినట్టు లేస్తుంది. ఆ కొంచెం కూడా విప్పి వదిలారనుకోండి, పాత కుట్టు ఉన్నచోట రంధ్రాల వరుస బయటికి కనిపిస్తుంది, వెలుగు తగలని లోపలి భాగం వేరే రంగులో కనిపిస్తుంది.

కాబట్టి భుజం వెడల్పు పెంచలేం. వేరే ముక్క అతికితే తప్ప చేయి పొడవు పెరగదు, వెనక పొడవూ అంతే. పెద్ద జాకెట్‌ని పక్క కుట్ల దగ్గర కొంత తగ్గించొచ్చు. కానీ భుజాలు జారిపోతుంటే మాత్రం చేతులు ఊడదీసి మళ్లీ కుట్టాలి. ఆ పనికి మంచి తోలు పనివాడు కావాలి, ఖర్చు ఒక్కోసారి జాకెట్ ధరకి దగ్గరగా వస్తుంది.

"వాడగా వాడగా సాగుతుంది" అని అమ్మేవాళ్లు చెప్పే మాటలో సగమే నిజం. మోచేతుల దగ్గర, వీపు మీద తోలు మెత్తబడి ఒంటికి అలవాటు పడుతుంది. గొర్రె తోలు త్వరగా, గుర్రపు తోలు చాలా నెమ్మదిగా. భుజం కుట్టు దగ్గర రెండు మూడు పొరలు కలిసి ఉంటాయి, అక్కడ లెక్కలోకి వచ్చేంత సాగదు. చేతుల పొడవైతే ఇంకా తగ్గుతుంది. ఎందుకంటే మోచేయి దగ్గర మడతలు పడేకొద్దీ అంచు పైకి జరుగుతుంది. బల్ల మీద కొలిచినప్పుడే చేయి పొట్టిగా ఉంటే, ఏడాది తర్వాత మరింత పొట్టిగా కనిపిస్తుంది.

నేను పాటించే హద్దులు ఇవి. భుజంలో అర అంగుళం తేడా వరకు సరే, ఒక అంగుళం అయితే వద్దు. చేయి పొడవు మీ కాగితంలో ఉన్నదానికన్నా అర అంగుళం ఎక్కువైనా ఫరవాలేదు, తక్కువైతే వద్దు. చంక నుంచి చంకకు వచ్చిన కొలతని రెట్టింపు చేస్తే, అది మీ ఛాతీ చుట్టుకొలతకన్నా 4 నుంచి 6 అంగుళాలు ఎక్కువ ఉండాలి. కింద పల్చటి చొక్కా మాత్రమే వేసుకుంటారా, ఉన్ని స్వెట్టర్ వేసుకుంటారా అన్నదాన్ని బట్టి ఈ రెండింటి మధ్య మీది ఎక్కడో మీరే తేల్చుకోవాలి.

ప్రాణం పోయిన తోలు

కొలతలు సరిపోయినా వదిలేయాల్సిన సందర్భం ఇంకొకటి ఉంది. తోలు అంటే ఒకదాంట్లో ఒకటి అల్లుకున్న సన్నటి పీచులు. ఏళ్ల తరబడి వేడిలో ఉండి నూనె ఆరిపోతే, తేమలో బూజు పడితే, లేదా లోపల ఆమ్లం పెరిగితే ఆ పీచులు తెగిపోతాయి. ఎండిపోయిన తోలుకి క్రీమ్ రాస్తే మెత్తబడుతుంది. తెగిన పీచుల్ని ఏ క్రీమూ మళ్లీ కలపదు. ఈ రెండింటికీ తేడా తెలియకపోవడం వల్లే చాలామంది చచ్చిన జాకెట్‌ని బతికిద్దామని కొంటారు.

చేతిలో ఉంటే పరీక్ష తేలిక. కాలర్ అడుగుభాగాన్నో, జేబు మూత అంచునో మెల్లగా మడవండి. పైన రంగుపూతలో సన్నగీతలు మాత్రమే కనిపిస్తే భయం లేదు. గీత లోతుగా తెరుచుకుని లోపలి లేత రంగు పీచు బయటపడినా, వేలికి పొడి అంటినా అక్కడే ఆపేయండి. చెట్ల బెరడు రసాలతో పదునుపెట్టిన పాత తోలులో ఆ పొడి ఎర్రగా కూడా ఉంటుంది. ఆ దశ దాటాక వెనక్కి తేలేం. దూరం నుంచి కొంటుంటే, చేతి అంచుని మడిచి పట్టుకుని దగ్గరగా ఒక ఫొటో తీయమని అడగండి. నిజాయితీగా అమ్మేవాళ్లు దీనికి అభ్యంతరం చెప్పరు.

కుట్ల వెంబడి చిరుగు విషయంలోనూ జాగ్రత్త. దారం తెగితే మళ్లీ కుట్టొచ్చు. తోలే తెగితే, తపాలా బిళ్లల షీటు రంధ్రాల వెంట చిరిగినట్టు సూది రంధ్రాల వెంట సాగిపోతుంది. చంక దగ్గర, జేబు మూలల్లో ఇది ఎక్కువ.

మిగతావన్నీ మరమ్మతుకి లొంగేవే. లైనింగ్ మొత్తం మార్చొచ్చు. జిప్ మార్చొచ్చు, చాలాసార్లు రన్నర్ మారిస్తే సరిపోతుంది. నడుము దగ్గర, చేతుల దగ్గర ఉన్న ఊలు అల్లిక పట్టీలు, ఊడిన ప్రెస్ బటన్లు కూడా అంతే. సిగరెట్ వాసన గాలికి ఆరేస్తే కొన్ని వారాల్లో చాలావరకు తగ్గుతుంది. బూజు వాసన మాత్రం మొండిది. దాన్ని నేను దాదాపు చిరుగుతో సమానంగా చూస్తాను. ఇంకో మాట, భద్రపరచడానికి కొనేవాళ్లకి టాలన్ అనే కంపెనీ చేసిన పాత జిప్ ఉండటమే విలువ. వేసుకోవడానికి కొనేవాళ్లు ఆ జిప్‌కోసం నెలలు ఆగడం నాకు నచ్చదు.

ఎందుకింత కాలం పడుతుంది

ఆలస్యం ఎందుకో తెలిస్తే టెన్షన్ తగ్గుతుంది. ఉదాహరణకి అమెరికా సైన్యం 1931లో తన విమాన సిబ్బందికోసం ఎంచుకున్న ఏ-2 అనే తోలు జాకెట్. 1943లో దాన్ని పక్కనపెట్టి గుడ్డ జాకెట్లకు మారారు. అంటే అసలైన ఏ-2లు తయారైంది సుమారు పన్నెండేళ్లు. రఫ్ వేర్, డూబో, ఏరో లాంటి వేర్వేరు కంపెనీలు కాంట్రాక్టు తీసుకుని కుట్టాయి. అందుకే ట్యాగ్ మీద ఒకే అంకె ఉన్నా కొలతలు ఒకేలా ఉండవు. అప్పట్లో ఒంటికి దగ్గరగా కుట్టేవారు కాబట్టి, ఆ అంకె మీద నేడు మనకున్న అంచనా కూడా పనికిరాదు. ఇన్నేళ్ల తర్వాత మిగిలినవాటిలో తోలు బాగున్నవి కొన్ని, మీ కొలతకు వచ్చేవి ఇంకా తక్కువ, ఈ నెల అమ్మకానికి వచ్చేవి మరీ తక్కువ. కొన్ని నెలలు ఏమీ కనిపించకపోవడం సహజం.

ఆ సమయాన్ని మూడు పనులకు వాడుకోండి.

మొదటిది, వెతికే మాటలు పెంచుకోవడం. 1928లో ఇర్వింగ్ షాట్ మోటార్‌సైకిల్ నడిపేవాళ్లకోసం జిప్ పెట్టిన జాకెట్ చేసి, దానికి తనకిష్టమైన సిగార్ పేరు మీద పర్ఫెక్టో అని పేరు పెట్టాడు. ఆ పేరు తెలిసినవాళ్లు ఆ పేరుతోనే, మంచి ధరకే అమ్ముతారు. తండ్రి పెట్టెలోనో, ఖాళీ చేస్తున్న ఇంట్లోనో దొరికినవాళ్లు "నల్ల బైక్ జాకెట్", "పాత తోలు కోటు" అని రాసి వదిలేస్తారు. అమ్మేవాళ్లకి పేరు తెలియని జాకెట్టే మీకు అనుకూలం. అక్షరదోషాలతో సహా, మామూలు మనుషులు ఎలా రాస్తారో అలా వెతకండి.

రెండోది నోట్‌బుక్. కొనకపోయినా సరే, కనిపించిన ప్రతి జాకెట్‌కి ఒక వరుస రాయండి: కొలతలు, తోలు పరిస్థితి, అడిగిన ధర, వీలైతే చివరికి పలికిన ధర. అడిగిన ధర, పలికిన ధర వేర్వేరు సంగతులు. నెలల తరబడి అమ్ముడుపోకుండా ఉన్నదాని మీద రాసిన ధరని చూసి మార్కెట్ అంతే అనుకోకూడదు. ముప్ఫై, నలభై వరుసలు నిండాక ఎవరినీ అడగకుండానే సరైన ధర మీకే తెలుస్తుంది. నాకు ఈ వేటలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

మూడోది డబ్బు సిద్ధంగా పెట్టుకోవడం, మీ గరిష్ఠ ధర కాగితం మీద రాసి ఉంచుకోవడం. వేలంపాట చివరి నిమిషాల్లో ఎవరి బుద్ధీ నిలకడగా ఉండదు. ఆత్రగాడికి బుద్ధి మట్టు అని పెద్దలు ఊరికే అనలేదు. "ఇంకొకరు కూడా అడుగుతున్నారు" అన్న మాటకీ జవాబు ఆ కాగితమే చెప్పాలి. వీలైతే ఎండలు ముదిరే కాలంలో వెతకండి. చలి మొదలవ్వగానే కొనేవాళ్లు పెరుగుతారు, ధరలూ పెరుగుతాయి.

ఒకటి చేజారిపోయిన వెంటనే వచ్చే రెండుమూడు రోజులు మరీ ప్రమాదం. పోయినదాని బాధలో, ఎదురుగా ఉన్నది అసలుకన్నా బాగా కనిపిస్తుంది. ఆ రోజుల్లో నోట్‌బుక్ రాయండి, కొనకండి.

కొలతలు సరిపోయి, తోలు ప్రాణంతో ఉండి, ధర మీ గీత లోపల ఉంటే మాత్రం అదే పూట అడగాల్సినవి అడిగి తీసేసుకోండి. అప్పుడు కూడా "రేపు చూద్దాం" అంటే అది ఓపిక కిందకు రాదు. ఇంతకన్నా మంచిది వస్తుందేమో అన్న ఆశకి అంతు ఉండదు. జాకెట్ ఇంటికి వచ్చాక నూనె, క్రీమ్ ఏదీ ముట్టించకుండా ముందు నాలుగు కొలతలూ మళ్లీ తీసి, ఇంట్లోనే కాసేపు వేసుకుని చేతులు ముందుకు చాపి చూడండి. తిరిగి పంపే గడువు ఉంటే అది ముగిసేలోపే తేల్చుకోవాలి.

ఈ భాగానికి అభ్యాసం: ఇప్పుడు అమ్మకానికి ఉన్న పది జాకెట్లు ఎంచుకోండి. ఒక్కోదాని లోపాల్ని రెండు వరుసల్లో రాయండి, మరమ్మతుకి లొంగేవి ఒకవైపు, లొంగనివి ఇంకోవైపు. కొలతలు ఇవ్వనివాళ్లలో కనీసం ముగ్గురికి మర్యాదగా, చిన్నగా ఒక సందేశం పంపి, టేపు కనిపించేలా ఫొటోలు అడగండి. ఎవరు ఎలా జవాబిచ్చారో కూడా రాసుకోండి. ఐదో భాగంలో లైనింగ్ మార్పించడం, ఎండిన తోలుకి ఎంత క్రీమ్ రాయాలి, ఎక్కడ ఆపాలి అన్నది చూద్దాం. అప్పుడు ఈ జాబితా మళ్లీ కావాలి.