ఊరి కబడ్డీ జట్టు వరసగా ఓడిపోతుంటే ఏం చేయాలి

మీ ఊరి జట్టు వరసగా ఓడిపోతోందా? పిల్లోళ్ళు ప్రాక్టీసుకి ఏదో ఒక సాకు చెప్పి రావడం మానేశారా? ఒకప్పుడు ట్రాక్టర్ నిండా ఎక్కి మ్యాచ్‌కి వచ్చిన జనం ఇప్పుడు "ఎట్లాగూ ఓడిపోతారు గదా, పోయి ఏం చేయాల" అంటున్నారా? అయితే ఇది మీ కోసమే రాస్తున్నాను. మాది చిత్తూరు నుంచి కాణిపాకం పోయే దారిలో ఒక పల్లె. నేను పద్నాలుగేళ్ళు ఈ జట్టుకి ఆడాను, ఇప్పుడు పిల్లోళ్ళని చూసుకుంటున్నాను. సంక్రాంతి టోర్నమెంట్లలో రెండేళ్ళు వరసగా మొదటి మ్యాచ్‌లోనే ఓడి ఇంటికొచ్చాం. అప్పుడు ఏం చేసి ఇంకా చెడగొట్టుకున్నామో, ఏం చేస్తే కొంచెం బాగుపడ్డామో రెండూ చెప్తాను.

ముందు చేయకూడనిది. ఓడిపోగానే అందరికీ తట్టేది ఒకటే, డబ్బులిచ్చి బయట నుంచి ఇద్దరు గట్టి రైడర్లని, అంటే కూతకి పోయేవాళ్ళని, తెచ్చుకుందాం అని. మూడో ఏడు మేమూ అదే చేశాం. చందాలు వేసుకుని ముగ్గురిని మాట్లాడుకొచ్చాం. బాగా ఆడారు, వాళ్ళని ఒక్క మాట అనడానికి లేదు. క్వార్టర్ ఫైనల్ దాకా పోయాం కూడా. కానీ ముగ్గురు బయటోళ్ళు ఆడాలంటే ముగ్గురు ఊరి పిల్లోళ్ళు పక్కన కూర్చోవాలి కదా. ఒక పిల్లోడు కూర్చున్నాడంటే వాడి అమ్మా నాయనా, మేనమామలు, వాడితోపాటు పొద్దున్నే పాలు పోసేవాళ్ళు, అందరూ ఇంట్లో కూర్చున్నట్టే. గెలిచిన మ్యాచ్‌కి మా వైపు విజిల్ వేయడానికి పది మంది లేరు. తర్వాతి ఏడు చందాకి పోతే, ఏటా అడగకుండానే ఇచ్చే ఒక పెద్దాయన "ఆడేది మనోళ్ళు కాదు కదప్పా" అన్నాడు. అప్పుడు అర్థమైంది, ఊరు మా మీద నమ్మకం పోగొట్టుకున్నది ఓడినందుకు మాత్రమే కాదని.

మా అక్క కొడుకు డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తాడు. ఇదంతా ఫోన్లో చెప్పుకుంటుంటే వాడు ఐర్లండ్‌లో ఆడే గేలిక్ ఫుట్‌బాల్ సంగతి చెప్పాడు, అప్పటి నుంచి నేనూ చూస్తున్నాను. ఒక్కో వైపు 15 మంది, బంతిని చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నొచ్చు, వలలో వేస్తే 3 పాయింట్లు, అడ్డకర్ర మీదుగా పోతే మామూలుగా 1. ఈ ఆటని నడిపే సంఘం 1884లో పుట్టింది. కౌంటీ (మన జిల్లా లాంటిది) జట్టుకి ఆడేవాళ్ళకి జీతం ఉండదు. టీచర్లు, రైతులు, కరెంటు పని చేసేవాళ్ళు పగలు పని చేసుకుని సాయంత్రం ప్రాక్టీసుకి వస్తారు, చాలావరకు పుట్టి పెరిగిన కౌంటీకే ఆడతారు. అంటే మన ఊరి జట్టు లాంటిదే, కాకపోతే వాళ్ళ పెద్ద ఫైనల్ జరిగే డబ్లిన్ క్రోక్ పార్క్‌లో 82 వేల మంది పడతారు.

అక్కడ మేయో అని ఒక కౌంటీ ఉంది. ఆల్ ఐర్లండ్ కప్పు చివరిసారి గెలిచింది 1951లో. 1989 నుంచి 2021 మధ్య 11 ఫైనల్స్ ఓడిపోయారు. అయినా ఆకుపచ్చ, ఎరుపు జెండాలు పట్టుకుని జనం వేలల్లో పోతూనే ఉన్నారు. ఆర్మా అనే ఇంకో కౌంటీ 2022 నుంచి 2024 మే దాకా నాలుగు పెద్ద మ్యాచ్‌లు పెనాల్టీ షూటౌట్లలో పోగొట్టుకుంది. ఒక్కసారి అట్లా ఓడితేనే గుండె పగులుతుంది, నాలుగు సార్లు! కోచ్ కీరన్ మెక్‌గీనీని 2014 నుంచి మార్చలేదు. ఆ నాలుగో షూటౌట్ ఓడిన రెండున్నర నెలలకే, 2024 జులై 28న, గాల్వే మీద ఒక్క పాయింటు తేడాతో కప్పు కొట్టారు. అది ఆర్మాకి చరిత్రలో రెండో కప్పు, మొదటిది 2002లో వచ్చింది, అప్పుడు కెప్టెన్ ఈ మెక్‌గీనీయే.

ప్రో కబడ్డీ లీగ్‌లో మన తెలుగు టైటాన్స్‌నే చూడండి. 2021-22 సీజన్‌లో 22 మ్యాచ్‌లకి ఒక్కటే గెలిచారు, తర్వాత రెండు సీజన్లూ రెండేసి. అందులో రెండోది పవన్ సెహ్రావత్‌ని 2 కోట్ల 60 లక్షలు పైన పెట్టి తెచ్చుకున్న సీజన్. అంత గొప్ప రైడర్‌కే ఒక్కడి మీద బరువంతా పడితే కష్టం. 2024లో జట్టు మొత్తం కుదిరాక 12 గెలిచారు. మనకి అన్ని కోట్లు లేవు కాబట్టి ఉన్నవాళ్ళతోనే కుదుర్చుకోవాలి, ఇక దాని సంగతికొస్తాను.

ఓడిన రాత్రి ఎవరినీ ఏమీ అనకండి. వ్యాన్‌లో పంచాయితీ వద్దు. పోయిన ఏడు సంక్రాంతికి మేము ఓడిన మ్యాచ్‌లో చివరి కూతకి వచ్చినవాడి కాలు ఎడమ మూలన నిలబడే మా లెఫ్ట్ కార్నర్ పిల్లోడి చేతిలోంచి జారిపోయింది. మ్యాచ్ అయ్యాక వాడు నీళ్ళ డ్రమ్ము పక్కన గొంతుకూర్చుని నీక్యాప్ తీయకుండా అరచేతులు చూసుకుంటున్నాడు, చేతుల నిండా మట్టి, మధ్యలో చెమట గీతలు. వాడికి తెలియంది మనం కొత్తగా చెప్పేదేమైనా ఉందా? పక్కన కూర్చుని బొరుగుల పొట్లం ఇచ్చాను, అంతే. అందరూ కలిసి తిని ఇంటికి పోండి. ఊరి వాట్సాప్ గ్రూపుని రెండు రోజులు అడ్మిన్లు మాత్రమే రాసేటట్టు పెట్టేయండి, ఎందుకంటే ఆ రాత్రి రాసే మాటలు పిల్లోళ్ళు ఏడాదంతా గుర్తు పెట్టుకుంటారు.

మూడో రోజు స్కోరు షీటు ముందు పెట్టుకుని కూర్చోండి. "మనసు పెట్టి ఆడలేదు" లాంటి మాటలు పక్కన పెట్టి లెక్క తీయండి. మేము ఆ మ్యాచ్ 31-22తో ఓడాం, తేడా తొమ్మిది. లెక్క వేస్తే రెండుసార్లు ఆలౌట్ (ఏడుగురూ ఔట్) అయినందుకు అదనంగా ఇచ్చింది నాలుగు, అవతలి రైడర్ బోనస్ గీత దాటి తీసుకున్న బోనస్‌లు ఆరు, పట్టు లేకుండానే లాబీలో (కోర్టు పక్క పట్టీలో) కాలు పెట్టో గీత దాటో మాకు మేమే ఔటైనవి మూడు. మొత్తం పదమూడు! అది చూసేసరికి పిల్లోళ్ళ మొహాలు మారిపోయాయి. వాళ్ళు మనకన్నా తొమ్మిది పాయింట్లు గట్టివాళ్ళు అనుకుని కుంగిపోయినవాళ్ళు, ఇది దిద్దుకోగలిగిందే అని వాళ్ళంతట వాళ్ళే అన్నారు. మాకు ఆరుగురో ఏడుగురో లోపల ఉన్నప్పుడల్లా అవతలివాడు సులువుగా బోనస్ గీత దాటి పోతున్నాడు. కార్నర్లు భయపడి మరీ వెనక్కి నిలబడడమే కారణం. బోనస్‌కి కాలు చాపినప్పుడే కదా యాంకిల్ దొరికేది, దాని మీద నెల రోజులు పని చేశాం.

తర్వాత గురి. "ఈసారి కప్పు మనదే" అని మైకులో చెప్పకండి, ఓడే జట్టుకి ఆ మాట టెన్షన్ పెంచుతుంది తప్ప ఇంకేం చేయదు. ఒక్కో మ్యాచ్‌కి మన చేతిలో ఉన్న రెండు చిన్న గురులు పెట్టుకోండి. మేము పెట్టుకున్నవి ఒకటి ఆలౌట్ కాకూడదు, రెండోది కనీసం ఒక సూపర్ టాకిల్. ముగ్గురో అంతకన్నా తక్కువో మిగిలినప్పుడు పట్టు పడితే ఒక పాయింటు ఎక్కువ వస్తుంది కదా, చిక్కుల్లో ఉన్న జట్టుకి అంతకన్నా ఊపిరి పోసేది లేదు.

ఇందులో ముఖ్యమైనది, ఆ గురి ఏంటో ఊరికి కూడా చెప్పడం. మా పాల సెంటర్ గోడకి ఫ్యాట్ రేట్లు రాసే బోర్డు ఒకటుంది, దాని కింద సగం ఖాళీ. అడిగి అక్కడ సుద్దముక్కతో రాయడం మొదలుపెట్టాను. ఆదివారం ఎవరితో మ్యాచ్, ఎన్ని గంటలకి, ఆడే ఏడుగురి పేర్లు, ఇంటి పేరుతో సహా. కింద ఈ మ్యాచ్ గురి. పొద్దున ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ ఊళ్ళో ప్రతి ఇంటి నుంచీ ఒకరు క్యాన్ పట్టుకుని అక్కడికి వస్తారు. వారం తిరగకముందే ఒకావిడ "సూపర్ టాకిల్ అంటే ఏంది నాయనా" అని అడిగింది. పాల క్యాన్లు మూడు పక్కపక్కన పెట్టి చూపించాను. ఆ ఆదివారం ఆమె మ్యాచ్‌కి వచ్చింది, మేము ముగ్గురికి పడిపోయినప్పుడు అందరూ నీరసపడితే ఆమె లేచి నిలబడి "ఇప్పుడు పట్టండ్రా" అని అరిచింది. ఆ మ్యాచ్ ఓడిపోయాం. అయినా జనం ఏదో చూశాం అనుకుంటూనే ఇంటికి పోయారు.

ప్రాక్టీసుకి రాని పిల్లోళ్ళని బద్ధకస్తులని అనేముందు వాళ్ళ రోజు ఎట్లా ఉందో కనుక్కోండి. ఒకడు రేణిగుంట వైపు ఫ్యాక్టరీలో షిఫ్టు, ఇంకొకడు శ్రీసిటీ నుంచి వారానికి ఒకసారి వస్తాడు, ఇంకో ఇద్దరు సాయంత్రం పాలు పితికేదాకా కదలలేరు. మామిడికాయల సీజన్లో అయితే తోతాపురి లోడ్లతో గుజ్జు ఫ్యాక్టరీల దగ్గర రాత్రంతా క్యూలో ఉంటారు. మేము ఐదింటి ప్రాక్టీసు తీసేసి రాత్రి ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా పెట్టాం, రెండు ఎల్‌ఈడీ లైట్లు కట్టాం, గంట దాటనివ్వం. నలుగురి నుంచి పదకొండు మందికి పెరిగారు. ప్రాక్టీసు అయ్యాక ఒక్కొక్కరికీ ఉడకబెట్టిన గుడ్డు, గుప్పెడు చెనక్కాయలు.

చందా లెక్క కూడా అదే బోర్డు మీద రాయండి, ఎంత వచ్చింది, లైట్లకెంత, గుడ్లకెంత. ఎవరూ అడగకపోయినా రాయండి.

మెయిన్ మ్యాచ్‌కి ముందు పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకి పది పది నిమిషాల ఆట పెట్టండి. ఇది మా చెల్లెలు ఇచ్చిన ఐడియా. చిన్నోళ్ళు ఆడుతుంటే వాళ్ళ అమ్మలు వస్తారు, వచ్చినవాళ్ళు పెద్దోళ్ళ మ్యాచ్ చూడకుండా పోరు. ఇంకో మాట, మొదట్లోనే పెద్ద ప్రైజు మనీ టోర్నమెంట్లకి పోకండి. పక్క ఊళ్ళో మీ స్థాయి జట్టుతో నాలుగైదు స్నేహపు మ్యాచ్‌లు ఆడండి, గెలవడం ఎట్లా ఉంటుందో పిల్లోళ్ళ ఒళ్ళు మర్చిపోయి ఉంటుంది. బయట నుంచి ప్లేయర్‌ని తేకపోతే మనం ఓడేటట్టు ఉన్నా తేకూడదని మేము రాసుకున్నాం. ఈ ఒక్కదానిలో నేను తగ్గను.

ఈ సంక్రాంతికి ఏడుగురూ ఊరోళ్ళే. మొదటి మ్యాచ్ గెలిచాం, రెండో రౌండ్‌లో రెండు పాయింట్లతో ఓడాం. ట్రాక్టర్ సరిపోక వెనక ఆటోలు పెట్టుకుని వచ్చారు జనం. మర్నాడు కనుమ, బోర్డు మీద రాద్దామని పొద్దున్నే సుద్దముక్క తీసుకుని పాల సెంటర్‌కి పోయాను. నాకన్నా ముందే ఎవరో రాసిపెట్టారు, ఎవరి చేతి రాతో ఇప్పటికీ తెలియలేదు. "ఆలౌట్ 0, సూపర్ టాకిల్ 3" అని, కింద ఏడుగురి పేర్లు, ఇంటి పేరుతో సహా.