ఫర్నేస్ ధర అడిగే ముందు ఒక చలి రాత్రి గడియారం పట్టుకుని కూర్చోండి

ఇల్లు వెచ్చబెట్టే మా మొదటి గ్యాస్ ఫర్నేస్‌ని ఒక జనవరి రాత్రి టెన్షన్‌లో కొన్నాం. పాతది ఆగిపోయింది. బయట మంచు. అమ్మ రెండు శాలువాలు కప్పుకుని సోఫాలో ముడుచుకుని కూర్చుంది, పాపకి జలుబు. వచ్చిన టెక్నీషియన్ పాతదాని లేబుల్ మీద టార్చ్ వేసి చూసి, "లక్ష బీటీయూ ఉందండీ, అదే సైజు పెట్టేద్దాం, రేపు సాయంత్రానికి ఇల్లు వెచ్చబడుతుంది" అన్నాడు. బీటీయూ అంటే వేడిని కొలిచే యూనిట్. సరే అన్నాం. ఆ పరిస్థితిలో ఎవరైనా అలాగే అంటారు. తర్వాత 14 ఏళ్లు ఆ సైజుతోనే గడిపాం. దడదడమంటూ మొదలయ్యేది, ఐదారు నిమిషాల్లో హాలంతా వేడెక్కించి ఆగిపోయేది, మళ్లీ కాసేపటికి మొదలు. పైన చివరి గదికి వేడి గాలి సరిగ్గా చేరేలోపే ఆగిపోయేది కాబట్టి పాప పడుకునే ఆ గది ఎప్పుడూ చల్లగానే ఉండేది.

రెండోసారి మాత్రం పాతది ఇంకా నడుస్తుండగానే, ఆర్నెల్ల ముందే పని మొదలుపెట్టాను. తక్కువ ఖర్చులో ఫర్నేస్ కొనాలనుకునేవాళ్లకి నేను గట్టిగా చెప్పే మాట ఒకటే. ముందు మీ ఇంటికి ఎంత వేడి కావాలో తెలుసుకోండి. అవసరానికి మించిన సైజు కొంటే, కొన్నప్పుడూ ఎక్కువే పెడతారు, నడిచినన్నాళ్లూ ఇబ్బందీ పడతారు.

ఆ అంకె తెలుసుకోవడానికి మీ పాత ఫర్నేసే పనికొస్తుంది. తలుపు తీస్తే లోపల ఒక లేబుల్ ఉంటుంది. దాని మీద ఇన్‌పుట్, ఔట్‌పుట్ అని రెండు అంకెలు రాసి ఉంటాయి. ఇన్‌పుట్ అంటే గంటకి అది కాల్చే గ్యాస్‌లోని వేడి, ఔట్‌పుట్ అంటే ఇంట్లోకి వచ్చే వేడి. మాది ఇన్‌పుట్ 1,00,000 బీటీయూ, ఔట్‌పుట్ 80,000. అమ్మేవాళ్లు సైజు చెప్పేటప్పుడు చాలావరకు ఇన్‌పుట్ అంకే చెబుతారు. ఇల్లు వెచ్చబడేది ఔట్‌పుట్‌తో. ఈ రెండూ కలిసిపోతే లెక్కంతా తప్పుతుంది.

ఇక గడియారం సంగతి. మీ ఊళ్లో మామూలుగా వచ్చే చలిలో బాగా ఎక్కువ చలి ఉన్న రాత్రిని ఎంచుకోండి. థర్మోస్టాట్‌ని ఒకే డిగ్రీ మీద పెట్టి సాయంత్రం నుంచి ముట్టుకోకండి. నేను రాత్రి 2 గంటల నుంచి 5 వరకు బేస్‌మెంట్ మెట్ల మీద దుప్పటి కప్పుకుని, నోట్‌బుక్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆ వేళైతే ఎండ ఉండదు, వంట ఉండదు, తలుపులు తీసేవాళ్లు ఉండరు. ముందు చిన్న ఫ్యాన్ ఒకటి గుయ్యిమంటుంది. తర్వాత ఇగ్నైటర్ ఎర్రగా కాలుతుంది. టక్ మని గ్యాస్ వాల్వ్ తెరుచుకుని మంట భుగ్గుమంటుంది. కాసేపయ్యాక పెద్ద బ్లోయర్ తిరుగుతుంది. రాసుకోవాల్సింది మంట వెలిగిన నిమిషమూ ఆరిన నిమిషమూ మాత్రమే. మంట ఆరాక కూడా బ్లోయర్ కొంచెంసేపు తిరుగుతుంది, దాన్ని కలపకండి.

మూడు గంటల్లో మంట వెలిగింది మొత్తం 93 నిమిషాలు. అంటే గంటకి 31. ఔట్‌పుట్ 80,000ని 31తో గుణించి 60తో భాగిస్తే సుమారు 41,000. అంత చలి రాత్రి కూడా మా ఇంటికి కావలసింది గంటకి 41,000 బీటీయూ అయితే, మేము దానికి దాదాపు రెట్టింపు పెట్టుకుని కూర్చున్నాం! నోట్‌బుక్‌లో ఆ అంకె కింద రెండు గీతలు గీశాను.

మీరు కొలిచిన రాత్రి అంత చలి లేకపోతే ఉష్ణోగ్రత తేడాతో సరిచేసుకోవచ్చు. లోపల 20 డిగ్రీలు, బయట మైనస్ 10 అయితే తేడా 30. మీ దగ్గర గట్టి చలి అంటే మైనస్ 16 అనుకోండి, తేడా 36. వచ్చిన అంకెకి 20 శాతం కలపాలి. ఈ పద్ధతి ఒకే మంటతో నడిచే సింగిల్ స్టేజ్ ఫర్నేస్‌కే కుదురుతుంది. అటకలో ఇన్సులేషన్ వేయించడం, కిటికీల సందులు మూయించడం లాంటి పనులు చేయించే ఉద్దేశం ఉంటే, అవి అయ్యాకే కొలవండి. అంకె తగ్గుతుంది, దాంతో చిన్న ఫర్నేస్ సరిపోతుంది.

కాంట్రాక్టర్లు చేయాల్సిన అసలు లెక్కని మాన్యువల్ జె అంటారు. గోడలు, కిటికీలు, అటక, గాలి చొరబాటు అన్నీ చూసి గదిగదికీ వేడి లెక్క కడతారు. మా ఇంటికి వచ్చిన ముగ్గురిలో ఒక్కరే టేపు తెచ్చి కిటికీలు కొలిచారు. మిగతా ఇద్దరూ ఇల్లు ఎన్ని చదరపు అడుగులని మాత్రం అడిగారు. మీ గడియారం అంకె చేతిలో ఉంటే ఎవరు లెక్క వేసి చెబుతున్నారో, ఎవరు ఉజ్జాయింపుగా చెబుతున్నారో వెంటనే తెలిసిపోతుంది.

సైజు తర్వాత ఎఫిషియెన్సీ. దీన్ని ఏఎఫ్‌యూఈ అనే శాతంతో చెబుతారు. 80 శాతం అంటే కాల్చిన గ్యాస్ వేడిలో 80 వంతులు ఇంట్లోకి, 20 వంతులు చిమ్నీలోకి. 90 పైన ఉన్నవి కండెన్సింగ్ రకం. వాటిలో రెండో హీట్ ఎక్స్ఛేంజర్ (మంట వేడిని ఇంటి గాలికి అందించే భాగం) ఉంటుంది. పొగలోని నీటి ఆవిరి అక్కడ నీరుగా మారుతూ తన వేడిని కూడా ఇంటికే ఇచ్చేస్తుంది. గ్యాస్ బిల్లు ఎంత తగ్గుతుందో తెలియాలంటే పాత శాతాన్ని కొత్త శాతంతో భాగించండి. 80ని 96తో భాగిస్తే 0.83, అంటే వేడి కోసం కాల్చే గ్యాస్ 17 శాతం దాకా తగ్గుతుంది. పాతది 65 దగ్గర ఉంటే 80కి మారినా 19 శాతం దాకా మిగులుతుంది. అదే 92కీ 96కీ మధ్య తేడా 4 శాతమే. ఆ చివరి నాలుగు కోసం ఎక్కువ పెట్టొద్దనే చెబుతాను.

ఇప్పుడు మీ ఏడాది గ్యాస్ బిల్లులు ముందు పెట్టుకోండి. వేసవి నెలల్లో వాడేది నీళ్ల హీటర్‌కీ స్టవ్‌కీ వెళ్లేది, ఆ పాటి వాడకం ప్రతి నెలలోంచీ తీసేయండి. మిగిలింది ఇల్లు వెచ్చబెట్టడానికి అయిన ఖర్చు. అందులో 17 శాతం ఎంతో చూసి, రెండు ఫర్నేస్‌ల ధరల తేడా ఎన్నేళ్లలో తిరిగొస్తుందో లెక్కేసుకోండి. బాగా చూసుకుంటే ఫర్నేస్ 15 నుంచి 20 ఏళ్లు వస్తుంది. ఏడెనిమిదేళ్లలో తేడా తిరిగొచ్చేస్తే ఎక్కువ శాతందే తీసుకోండి. చలికాలం రెండు నెలలే ఉండే చోట 80 శాతందే చవక కావచ్చు, అయితే మీ దగ్గర నిబంధనలు దాన్ని ఒప్పుకుంటాయో లేదో కనుక్కోవాలి.

కాంట్రాక్టర్లు ఇచ్చే కొటేషన్‌లో చాలామంది పట్టించుకోనిది పొగ గొట్టం. కండెన్సింగ్ ఫర్నేస్ పొగ చల్లబడిపోతుంది కాబట్టి అది పాత చిమ్నీలోంచి పోదు, గోడలోంచో పైకప్పులోంచో ప్లాస్టిక్ గొట్టం వేయాలి. లోపల చేరే నీరు కొంచెం ఆమ్లంగా ఉంటుంది, దానికి డ్రెయిన్ కావాలి. దగ్గరలో డ్రెయిన్ లేకపోతే చిన్న పంపు పెట్టాలి. పాత ఫర్నేసూ నీళ్ల హీటరూ ఒకే చిమ్నీ వాడుతుంటే, ఫర్నేస్ పక్కకి పోయాక ఆ చిమ్నీ ఒక్క హీటర్‌కి మరీ పెద్దదైపోతుంది. పొగ పైకి లాగక ఇంట్లోకి తిరగబడే ప్రమాదం ఉంది. చిమ్నీ లోపల లైనర్ అనే సన్నటి గొట్టం వేయించాలి. మా మూడు కొటేషన్లలో అన్నిటికన్నా తక్కువదానిలో లైనర్ లేదు, డ్రెయిన్ పంపు లేదు, పర్మిట్ ఖర్చు లేదు. అవన్నీ కలిపి రాయించేసరికి మధ్యలో ఉన్న కొటేషనే తక్కువైంది. అందుకే మోడల్ నంబరు, గొట్టాలు, డ్రెయిన్, గ్యాస్ పైపు పని, థర్మోస్టాట్, పర్మిట్, పాతది తీసుకెళ్లడం, అన్నీ కాగితం మీద రాయించుకుని అప్పుడు పోల్చండి.

స్టేజ్‌ల విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. బడ్జెట్ తక్కువైతే సరైన సైజు సింగిల్ స్టేజ్ చాలు. పెద్ద మంట, చిన్న మంట రెండూ ఉండే టూ స్టేజ్‌లో చిన్న మంట ఎక్కువసేపు నడుస్తుంది కాబట్టి చప్పుడు తక్కువ, గదుల్లో వేడి సమంగా ఉంటుంది. ధరలో తేడా కొంచెమే అయితే తీసుకోండి. మంటని కొద్దికొద్దిగా పెంచుతూ తగ్గిస్తూ నడిచే మాడ్యులేటింగ్ రకం జోలికి పోవద్దు, వారంటీ అయిపోయాక దాని సర్క్యూట్ బోర్డు మార్చాల్సి వస్తే పొదుపు చేసిందంతా పోతుంది.

బ్రాండ్ గురించి మరీ ఆలోచించక్కర్లేదు. క్యారియర్, బ్రయంట్, పేన్ ఒకే సంస్థవి. గుడ్‌మన్, అమానా రెండూ ఇంకో సంస్థవి. బిగించే మనిషి ఎవరన్నదే ముఖ్యం. మేము ఎంచుకున్న ఇన్‌స్టాలర్ మొదటి రోజే గాలి వెళ్లే డక్ట్‌కి రెండు చిన్న రంధ్రాలు వేసి, సన్నటి గొట్టాలున్న మీటరు పెట్టి గాలి ఒత్తిడి కొలిచాడు. చాలా ఫర్నేస్‌లకి అది నీటి మట్టం లెక్కన 0.5 అంగుళాల లోపు ఉండాలి, మాకు 0.8 వచ్చింది. తిరిగొచ్చే గాలికి దారి చాలడం లేదన్నమాట. మెట్ల దగ్గర ఇంకో రిటర్న్ డక్ట్ వేశాడు, అంగుళం మందం ఫిల్టర్ చోట నాలుగంగుళాలది పట్టే పెట్టె పెట్టాడు. ఫర్నేస్ సైజు తగ్గించడం వల్ల మిగిలిన డబ్బు చాలావరకు ఆ పనికే సరిపోయింది. అంతకన్నా మంచి ఖర్చు నాకు కనబడలేదు.

అసలు మార్చాలా వద్దా అన్నది కూడా ముందే తేల్చుకోండి. మంట వెలిగి కొన్ని సెకన్లకే ఆరిపోతుంటే చాలాసార్లు తప్పు మంట ఉందో లేదో కనిపెట్టే ఫ్లేమ్ సెన్సర్‌ది. పెన్సిల్ కన్నా సన్నటి ఆ కడ్డీ మీద పొర పేరుకుంటుంది, తుడిస్తే మళ్లీ నడుస్తుంది. దానికోసం కొత్త ఫర్నేస్ కొనక్కర్లేదు. హీట్ ఎక్స్ఛేంజర్ పగిలిందంటే మాత్రం ఒక్క రోజు కూడా నడపకండి, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఇంట్లోకి రావచ్చు. పగులుని ఫోటోలోనో కెమెరాలోనో చూపించమని అడగండి, నమ్మకం కుదరకపోతే ఇంకొకరితో చూపించండి, కానీ ఈలోగా ఆపేసి ఉంచండి. ఏ ఫర్నేస్ ఉన్నా పడకగదుల దగ్గర, ప్రతి అంతస్తులో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి. ఈ ఒక్కచోట పొదుపు వద్దు.

బిగించడం అయ్యాక సంతకం పెట్టే ముందు రెండు అంకెలు అడగండి. గ్యాస్ ఒత్తిడి ఎంత పెట్టారు, వెళ్లే గాలికీ తిరిగొచ్చే గాలికీ ఉష్ణోగ్రత తేడా ఎంత. ఆ తేడా ఎంతలోపు ఉండాలో లేబుల్ మీదే ఉంటుంది. మాకు వచ్చే గాలి 20 డిగ్రీలు, వెళ్లేది 47. తేడా 27, లేబుల్ హద్దులోనే ఉంది. అదే రోజు రాత్రి సీరియల్ నంబరుతో వారంటీ నమోదు చేశాను. చాలా కంపెనీలు విడిభాగాల వారంటీ 10 ఏళ్లని చెబుతాయి, గడువులోగా నమోదు చేయకపోతే అది 5కి పడిపోతుంది. పనిచేసే మనిషి కూలీకి వారంటీ వేరు, అది ఎన్నేళ్లో ఇన్‌స్టాలర్‌తో రాయించుకోండి.

మాది ఇప్పుడు 60,000 బీటీయూ, 95 శాతం, అంటే ఔట్‌పుట్ 57,000. పెట్టిన మొదటి చలికాలంలో మళ్లీ అంతే చలి ఉన్న ఒక రాత్రి అదే మెట్ల మీద అదే నోట్‌బుక్‌తో కూర్చున్నాను. గంటకి 43 నిమిషాలు నడిచింది. పైకెళ్లి చివరి గదిలో థర్మామీటర్ చూస్తే 20 డిగ్రీలు ఉంది. పాప దుప్పటి కాళ్లతో తన్నేసి నిద్రపోతోంది.