రొయ్య పిల్ల దించే ముందు జాగ్రత్తలు

ఇందుకూరుపేట నుంచి కొత్తపట్నం దాకా మన చెరువుల్లో ఎక్కువగా వనామీ రకం రొయ్యే. తల్లి రొయ్యలు విదేశాల నుంచి వస్తాయి. చెన్నై నీలాంగరై క్వారంటైన్‌లో పరీక్షలు దాటాకే అవి హేచరీకి (పిల్లను పుట్టించే చోటుకి) చేరాలి. ఆ కాగితాలు, కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ (తీరంలో రొయ్యల సాగును చూసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ చూపించమని హేచరీ వాళ్లను అడగండి. మొహమాటపడొద్దు.

పిల్ల శాంపిల్ మీ కళ్ల ముందే తీయించి పీసీఆర్ (జబ్బు క్రిమిని పట్టే ల్యాబ్ పరీక్ష) చేయించండి. వైరస్ జబ్బు వైట్ స్పాట్‌కి ఒక్కదానికే చేయించి ఊరుకోకండి, రొయ్య కడుపులో చేరే సూక్ష్మజీవి ఈహెచ్‌పీకి కూడా తప్పనిసరి. ఇది వైట్ స్పాట్‌లా ఒక్కసారిగా చంపదు, రొయ్యను ఎదగనివ్వదు. మేత పోస్తూనే ఉంటాం, కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయనే లెక్క) రాదు. రైతును నిజంగా ముంచేది ఇదేనని నా నమ్మకం. పోయిన పంటలో అది కనిపించిన చెరువును ఎండబెడితే సరిపోదు. హెక్టారుకు 6 టన్నుల కాల్చిన సున్నం మట్టిలో కలిసేలా దున్ని, తడిపి, పీహెచ్ 12 దాకా లేపాలి. వారం అలాగే వదిలేయండి.

నీళ్లు సన్న వలలో వడగట్టి, బ్లీచింగ్ చేశాకే వాడాలి.

జబ్బు ఒక చెరువు నుంచి ఇంకోదానికి పాకకుండా పీతల కంచె, పక్షుల వల, చెరువుకో బకెట్ పెట్టుకోండి.

పక్క చెరువులో వైట్ స్పాట్ ఉందా? అయితే ఇప్పుడే దించకండి. మీ చెరువులోనే వస్తే, ఆ నీళ్లు కాలవలోకి వదలకుండా ముందు పక్క రైతుకు చెప్పండి.