మాట అందనప్పుడు తోడ్పడే విధానం

మెదడుకు స్ట్రోక్ వచ్చిన తరువాత అఫేసియా (మాట్లాడటంలో, మాటలను అర్థం చేసుకోవడంలో కలిగే ఇబ్బంది) ఏర్పడినవారిలో చాలామందికి ఎదురుగా ఉన్న వస్తువు ఏమిటో, దేనికి వాడతారో తెలిసే ఉంటుంది గాని, దాని పేరు మాత్రం సమయానికి నోటికి రాదు. కాబట్టి ముందుగా కొన్ని సెకన్లు ఓపికగా ఆగండి. ఆ మౌనం వినేవారికి ఇబ్బందిగా అనిపించవచ్చు.

అప్పటికీ మాట రాకపోతే, వెంటనే పేరు చెప్పేయకుండా అర్థం వైపు నుంచి దారి చూపండి. ఉదాహరణకు గొడుగు అనే మాట కోసం తడుముకుంటున్నవారిని అది ఎప్పుడు వాడతాము, ఎలా ఉంటుంది, ఎక్కడ పెడతాము అని ఒక్కొక్కటిగా అడిగితే, ఆ లక్షణాలతో ముడిపడిన పదం మనసులో మేల్కొని తనంతట తానే పైకి వచ్చే అవకాశం పెరుగుతుంది. ఫలించకపోతే "వాన పడుతోంది, వెంట ఒక..." అని వాక్యాన్ని మధ్యలో ఆపి చూడండి; చివరగా "గొ" అనే తొలి ధ్వనిని అందించండి. సైగ చేసినా, బొమ్మ గీసినా దానిని జవాబుగానే స్వీకరించాలి.

గొడుగుకు బదులు "వాన" అన్నా, "బొడుగు" అన్నా తప్పుపట్టవద్దు. సరైన మాటను మీ సమాధానంలో సహజంగా వాడితే చాలు. మీకు తెలిసిన వస్తువునే చూపి "ఇదేమిటి?" అని పదేపదే పరీక్షించడం సంభాషణను చెడగొడుతుంది. ఎవరికి ఏ సూచన బాగా పనిచేస్తుందో స్పీచ్ థెరపిస్టు పరిశీలించి చెప్పగలరు. అయితే మాట అకస్మాత్తుగా పోయినా, ఉన్నట్టుండి మరింత తడబడినా ఈ అభ్యాసాలు పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.