ఒకే గదిలో మూడు తరగతులు: రోజూ అందరి చేతా చదివించడం ఎలా

మా బడి ప్రకాశం జిల్లా పడమటి వైపు ఒక చిన్న ఊళ్ళో ఉంది. ఇద్దరం టీచర్లం. నాలుగు, ఐదు తరగతులు సార్ చూసుకుంటారు. ఒకటి, రెండు, మూడు నావి. ఒకటే గది, 24 మంది పిల్లలు. ఎస్‌జీటీగా, అంటే చిన్న తరగతుల టీచర్‌గా, చేరి 19 ఏళ్ళయింది. అందులో ఎక్కువ ఏళ్ళు ఇలా రెండు మూడు తరగతుల్ని ఒకచోట కూర్చోబెట్టుకునే గడిచాయి.

డీఎస్సీలో కొత్తగా ఉద్యోగం వచ్చిన అమ్మాయిలు ఫోన్ చేసి అడిగేది ఒకటే. "అక్కా, ఒకటో తరగతికి అక్షరాలు చెప్తుంటే మూడో తరగతి వాళ్ళు కొట్టుకుంటున్నారు. వాళ్ళ దగ్గరికి పోతే చిన్నవాళ్ళు ఏడుస్తున్నారు. ఎలాగక్కా?" వాళ్ళకు ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పేదంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

ముందు ఒక లెక్క పెట్టుకోండి. ప్రతి పిల్లా, పిల్లాడూ రోజుకు ఒక్కసారైనా మీ పక్కన కూర్చుని మీకు చదివి వినిపించాలి. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు చాలు. 24 మందికి 48 నిమిషాలు. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు. అంటే ఒక్కో బిడ్డకు 400 నిమిషాలు, ఆరున్నర గంటల పైమాట. మూడో తరగతి దాటేలోపు 20 గంటలు మీరు ఆ బిడ్డ చదువును దగ్గర కూర్చుని విన్నట్టు. పలకల మీద, వర్క్‌బుక్కుల్లో ఎన్ని టిక్కులు పెట్టినా ఈ వినడానికి సాటి రాదు. నా టైమ్‌టేబుల్ మొత్తం ఈ 48 నిమిషాల చుట్టూనే కట్టుకున్నాను.

ఒకేసారి 48 నిమిషాలు దొరకవు. ప్రార్థన, హాజరు అయ్యాక 20 నిమిషాలు, అన్నానికి ముందు 16, సాయంత్రం ఆటలకు వదిలే ముందు 12. పదిమంది, ఎనిమిదిమంది, ఆరుగురు. చదవడం కష్టమయ్యే పిల్లల్ని పొద్దున్నే పిలవండి. సాయంత్రానికి వాళ్ళూ అలసిపోతారు, మనమూ అలసిపోతాం.

మిగతావాళ్ళ చేతిలో ఏం ఉండాలి

ఒకరు నా దగ్గర చదువుతుంటే మిగతా 23 మంది ఏం చేయాలన్నదే అసలు సమస్య. టీచర్ అవసరం లేకుండా సాగే పని వాళ్ళ చేతిలో ఉండాలి. "చూసి రాయండి" అంటే ఐదు నిమిషాల్లో విసుగు పుడుతుంది.

ఒకటో తరగతికి నేల మీద సుద్దముక్కతో చేటంత అక్షరం రాస్తాను. దాని మీద చింతపిక్కలు పేర్చాలి. ఎక్కడ మొదలుపెట్టాలో అక్కడ ఒక చుక్క ఉంటుంది, రాసేటప్పుడు చెయ్యి ఎటు తిరుగుతుందో అటే పేర్చుకుంటూ పోవాలి. మన అక్షరాలన్నీ గుండ్రాలు, మెలికలు. పలక మీదికి వచ్చేలోపు ఆ మెలిక వేళ్ళకు తెలిసిపోతే బలపం గట్టిగా నొక్కి విరగ్గొట్టడం తగ్గుతుంది. రెండో తరగతికి మాటల అట్టలు. పాత క్యాలెండర్ల వెనకవైపు స్కెచ్ పెన్నుతో రాసి కత్తిరించినవే. ఇంట్లో ఉండేవి ఒక కుప్ప, పొలంలో ఉండేవి ఒక కుప్ప, రెండు చోట్లా ఉండేవి ఇంకో కుప్ప. 'తాడు' ఎక్కడ పెట్టాలని వాళ్ళలో వాళ్ళు వాదించుకుంటారు. వాదించుకోనివ్వండి, అట్ట చదివితే తప్ప ఎవరూ వాదించలేరు.

మూడో తరగతిది అన్నం లెక్క. మధ్యాహ్న భోజనానికి ప్రాథమిక పాఠశాల పిల్లలకు తలకు 100 గ్రాముల బియ్యం. రెండు గదుల్లో ఈ రోజు ఎంతమంది వచ్చారో ఇద్దరు పిల్లలు లెక్కపెట్టుకొస్తారు. 38 మంది అయితే 3 కిలోల 800 గ్రాములు. బోర్డు మీద రాసి వంటచేసే అక్కకు చెప్పి రావాలి. లెక్క తప్పితే ఆమె ఊరుకోదు, అందుకని ఇంకెవరూ చెప్పకుండానే రెండోసారి సరిచూసుకుంటారు.

ఇందులో ఒక చిన్న విషయం నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. పని ఇచ్చేటప్పుడే "అయిపోయాక ఏం చేయాలి" అన్నది కూడా చెప్పేయాలి. గొడవ పని చేస్తుండగా రాదు, పని అయిపోయి ఖాళీగా కూర్చున్న నిమిషంలో వస్తుంది. మా గదిలో కిటికీ పక్కన తాడు కట్టి బొమ్మల కథల పుస్తకాలు వేలాడదీశాం. అయిపోయినవాళ్ళు అక్కడికి వెళ్ళి ఒకటి తీసుకోవచ్చు. చదవడం రానివాళ్ళు బొమ్మలు చూస్తారు. అదీ చదువులో భాగమే.

గది నిశ్శబ్దంగా ఉండాలని పట్టుబట్టకండి. మీ పక్కన చదివే బిడ్డ గొంతు మీకు వినబడితే చాలు.

పక్కన కూర్చోబెట్టుకుని ఏం చూడాలి

నేను ఉద్యోగంలో చేరిన మూడో ఏట రెండో తరగతిలో ఒక పిల్లాడు ఉండేవాడు. పాఠం తెరిస్తే గడగడా చదివేసేవాడు. అందరికంటే ముందున్నాడని వాళ్ళ నాయనకు కూడా చెప్పాను. ఒకరోజు దగ్గర కూర్చోబెట్టుకుని వేలు పెట్టి చదవమన్నాను. నోరు మూడో వాక్యంలో ఉంది, వేలు ఇంకా మొదటి వరుసలోనే ఉంది. వేలు 'కాకి' మీద ఉంటే నోరు 'కుండ' అంటోంది. పేజీ తిప్పేశాను, అయినా ఆగలేదు. పాఠం మొత్తం విని నేర్చుకున్నాడు, ఒక్క మాట చదవలేదు. అప్పటికి సంక్రాంతి సెలవులు కూడా అయిపోయాయి. ఆరేడు నెలలు ఆ బిడ్డకు రావాల్సిన చదువు రాలేదు, నేను గుర్తించలేదు. ఆ రోజు నుంచే ఈ రెండు నిమిషాల పద్ధతి మొదలుపెట్టాను.

కాబట్టి పిల్లలు మీకు చదువుతుంటే వాళ్ళ వేలు చూడండి. వేలూ నోరూ కలిసి నడుస్తున్నాయా? అనుమానం వస్తే చివరి వాక్యం చదవమనండి, లేదా మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి "ఇదేంటి నాన్నా?" అని అడగండి. చదివింది అయ్యాక ఒక్క ప్రశ్న వేయండి, పుస్తకంలో జవాబు ఉన్న ప్రశ్న కాదు. "ఆ కాకి నువ్వైతే ఏం చేసేవాడివి?" లాంటిది.

ఒక మాట దగ్గర ఆగిపోతే వెంటనే అందించకండి. మనసులో ఐదు లెక్కపెట్టండి. ఆ ఐదు క్షణాలు మనకు చాలా పొడుగ్గా అనిపిస్తాయి, పిల్లలకు మాత్రం కావాలి. అప్పటికీ రాకపోతే మొదటి అక్షరం మీద వేలు పెట్టి చూపించండి. తప్పు చదివితే "మళ్ళీ చూడు" అంటే సరిపోతుంది. కొట్టడం, గద్దించడం చట్టం ఎలాగూ ఒప్పుకోదు. దానికి ముందే, ఒక్కసారి భయపడిన బిడ్డ మన పక్కకు వచ్చేటప్పుడు గొంతు తగ్గించేస్తుంది. గొంతు వినబడకపోతే తప్పు ఎక్కడుందో మనకు తెలిసే దారే ఉండదు.

అక్షరాలు ఏ వరుసలో

అ నుంచి ఱ దాకా పాడించడం తప్పని నేను అనను, పాట పిల్లలకు ఇష్టం. కానీ చదవడం ఆ వరుసలో రాదు. నేను పది అక్షరాలతో మొదలుపెడతాను: త, ల, వ, క, ప, డ, గ, న, ర, మ. గుణింతం ఒక్కటి కూడా లేకుండా వీటితోనే తల, వల, కల, నగ, మర, వడ, పలక, కలప, పడవ, కడవ, గడప, తడక, నడక వచ్చేస్తాయి. జూలై నెలాఖరుకు ఒకటో తరగతి బిడ్డ 'పడవ' అని చదివి తల ఎత్తి నవ్వుతుంది. ఆ నవ్వు యాభై అక్షరాలు అయ్యేదాకా ఆగకూడదు.

గుణింతం దగ్గర చాలామంది పిల్లలు చిక్కుకుంటారు. "క కు తలకట్టిస్తే క, క కు దీర్ఘమిస్తే కా" అని ఔత్వం దాకా ఒక్క గుక్కలో అనేస్తారు. విడిగా 'కొ' చూపిస్తే మళ్ళీ మొదటి నుంచి పాడుకుంటూ రావాలి. అందుకని నిలువుగా కాకుండా అడ్డంగా చెప్పండి. ఒక వారం అంతా గుడి ఒక్కటే: కి, గి, తి, ని, పి, లి. వెంటనే మాటలు: గిలక, చిలక, పిలక, కాకి. తర్వాతి వారం కొమ్ము. కొమ్ము వారంలో 'వు' దగ్గర ఒక రోజు ఆగాలి. మామూలు కొమ్ము పక్కన పెడితే 'వ' కాస్తా 'మ' అయిపోతుంది, అందుకే ప, వ లకు కొమ్ము కిందికి దించి రాస్తాం. ఈ కారణం పిల్లలకు చెప్పేయండి. బోర్డు మీద తప్పు రాసి చూపిస్తే "టీచర్, ఆవు కాదు, ఆమ అయింది" అని వాళ్ళే అరుస్తారు. ఆ తర్వాత మర్చిపోరు.

వత్తుల్లో 'అమ్మ', 'అన్న' సులువు. కష్టం 'రాత్రి' లాంటి మాట. గుడి త మీద ఉంటుంది, శబ్దం మాత్రం ర తర్వాత వస్తుంది. కళ్ళకు కనబడినట్టు చదివే బిడ్డ 'రాతిర' అంటుంది. ఆ బిడ్డ తెలివిగా చదివింది, మన రాతే అలా ఉంది. ఇక్కడ నేను పుస్తకం మూసేస్తాను. ముందు నోటితో, చప్పట్లతో: రా, త్రి. రెండే చప్పట్లు. ఇంట్లో 'రాత్తిరి' అనే అలవాటు వల్ల మూడు చప్పట్లు కొడతారు, రెండూ అనిపించండి, తేడా వాళ్ళే వింటారు. తర్వాత బోర్డు మీద త కింద క్రావడి పెట్టి, "పై అక్షరం సగమే పలుకుతుంది, గుడి కిందున్న వాడిది" అని చెప్తాను. చక్రి, మిత్రుడు, పుత్రి అన్నీ ఆ రోజే.

నిన్నటి కబురు

మా గదిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పావుగంట ఇది. రోజూ ఒక బిడ్డ వచ్చి నిన్న ఇంట్లో ఏం జరిగిందో చెప్పాలి. వాళ్ళ మాటల్ని ఉన్నదున్నట్టు నేను బోర్డు మీద రాస్తాను. మొన్న ఒక పాప చెప్పింది: "మా గేదె ఈనింది. పెయ్యదూడ. దానికి నొసటి మీద తెల్లమచ్చ. మాయమ్మ జున్ను చేసింది." నాలుగు వాక్యాలు. ఒకటో తరగతి వాళ్ళు అందులో తమకు తెలిసిన అక్షరాల చుట్టూ సున్నాలు చుట్టారు. రెండో తరగతి వాళ్ళు జున్ను, తెల్ల, మచ్చ, అమ్మ ఏరి ఒత్తులున్న మాటల జాబితా రాశారు. మూడో తరగతి వాళ్ళు తర్వాత ఏం జరిగి ఉంటుందో ఇంకో నాలుగు వాక్యాలు రాశారు. పాఠం ఒకటే, మూడు తరగతులకూ పని దొరికింది.

'మాయమ్మ'ను 'మా అమ్మ' అని దిద్దకండి. బడికి వచ్చిన కొత్తల్లో వాళ్ళ ఇంటి మాట బోర్డు మీద కనబడితే, ఆ రాత తమదని నమ్ముతారు. పుస్తకాల భాష మెల్లగా అదే వస్తుంది. తండా నుంచి వచ్చే పిల్లలు ఉంటే ఇంకా జాగ్రత్త కావాలి. వాళ్ళ ఇంట్లో మాట్లాడేది తెలుగు కాదు. మా గదిలో కుండ మీద 'నీళ్ళు' అనీ 'పాణి' అనీ రెండు చీటీలు అంటించాం.

లెక్కల గురించి ఒక్క మాట

43 లోంచి 17 తీసేయమంటే సగం మంది 34 అని రాస్తారు. ఏడులోంచి మూడు తీసేశారన్నమాట, చిన్నది పెద్దదాంట్లోంచే పోతుందని వాళ్ళకు తెలుసు. "పక్కింట్లో అప్పు తెచ్చుకో" అని నేర్పితే జవాబు వస్తుంది, అర్థం రాదు. మా దగ్గర కందిపుల్లలు కావలసినన్ని. పదేసి రబ్బర్ బ్యాండ్ వేసి కట్టలు కట్టించాం. నాలుగు కట్టలు, మూడు పుల్లలు. ఏడు పుల్లలు ఇవ్వాలి, మూడే ఉన్నాయి. కాసేపు ఊరుకోండి. ఎవరో ఒకరు కట్ట విప్పుతారు. పదమూడులో ఏడు పోతే ఆరు, మూడు కట్టల్లో ఒకటి పోతే రెండు. ఇరవై ఆరు. వారం రోజులు పుల్లలతో చేయించి ఆ తర్వాతే నోట్‌బుక్ తీయించండి.

స్పీడు గురించి టెన్షన్ వద్దు

చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు వచ్చేలా చూడాలని కేంద్ర ప్రభుత్వం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాల్లో మూడో తరగతి బిడ్డ నిమిషానికి 60 మాటలైనా అర్థంతో చదవాలని ఉంది. కొందరు టీచర్లు ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి పిల్లల్ని పరిగెత్తిస్తున్నారు. 'వెళ్ళిపోతున్నారట' అన్నది తెలుగులో ఒక్క మాట. అలాంటివి నాలుగున్న వాక్యం తడుముకోకుండా, అర్థమై చదివితే నేను సంతోషిస్తాను. వేగం రోజూ చదివితే వస్తుంది. నేను నెలకు ఒక్కసారే గడియారం చూస్తాను, అదీ బిడ్డకు కనబడకుండా.

సార్ సెలవు పెట్టిన రోజు ఐదు తరగతులూ నావే. ఆ రోజు కొత్త పాఠం ఏమీ మొదలుపెట్టను. ఐదో తరగతి వాళ్ళను ఒకటో తరగతి వాళ్ళతో జంటలు కట్టి చెట్టు కింద కూర్చోబెడతాను. పెద్దవాళ్ళకు ఒకటే షరతు: మాట అందించకూడదు, ఐదు లెక్కపెట్టాలి. అయితే బాగా చదివే పిల్లల్నే ప్రతిసారీ టీచర్లుగా వాడుకోకండి. వాళ్ళు కూడా నేర్చుకోవడానికే బడికి వచ్చారు.

చివరగా ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. పేజీకి ఒక వారం, పక్కన పేర్లు. చదివించుకున్న రోజు టిక్కు, ఆగిపోయిన మాట ఒకటి పక్కన. శనివారం సాయంత్రం ఆ పేజీ చూస్తే ఎవరికి టిక్కులు తక్కువ పడ్డాయో తెలుస్తుంది. ప్రతి వారం దాదాపు అవే పేర్లు. అల్లరి చేసే పిల్లలు కాదు, గోడ వారగా కూర్చుని ఏమీ అడగని ఇద్దరు ముగ్గురు. సోమవారం పొద్దున ప్రార్థన అవగానే ముందు పిలవాల్సింది వాళ్ళనే.