కాంటా బరువు తప్పుగా వస్తోందా? ముందు స్ట్రక్చర్ సైజు చూడండి

ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి వచ్చే రోజుల్లో హనుమకొండలోని నా బల్ల మీద ఎలక్ట్రానిక్ కాంటాల బోర్డులు పేరుకుపోతాయి. తెచ్చినవాళ్లు అప్పటికే వైర్లు మార్చి ఉంటారు, బాడ్ రేటు (డేటా పంపే వేగం) మార్చి ఉంటారు. సీ ప్రోగ్రాంలో ఆ డేటాను పట్టే స్ట్రక్చర్ (కొన్ని ఫీల్డులను కలిపి కట్టిన మూట) ఎన్ని బైట్లో చెప్పే సైజాఫ్ విలువ ఎంతో మాత్రం చూసి ఉండరు. దయచేసి మొదట అది చూడండి.

లక్షణం: కాంటా సరిగ్గా తూస్తుంది, ప్రోగ్రాంలో మాత్రం పొంతన లేని అంకె వస్తుంది.

కాంటా పంపే ప్యాకెట్‌లో కాంటా నంబరు 1 బైటు, బరువు 4, బస్తాల లెక్క 2. ప్యాకెట్ మొత్తం 7 బైట్లు. కంపైలర్ బరువును 4తో భాగించగలిగే చోట ఉంచడానికి ముందు 3 బైట్లు, చివర మరో 2 బైట్లు ఖాళీగా వదిలి స్ట్రక్చర్‌ను 12 బైట్లు చేస్తుంది. దీనికి మందు ప్యాక్డ్, అంటే ఖాళీలు వదలొద్దని కంపైలర్‌కు చెప్పే గుర్తు. చాలామంది ఫీల్డ్ మీద ఎలైన్డ్ 1 (ఏ చిరునామాలో పెట్టినా చాలు) అని రాసి ఊరుకుంటారు. జీసీసీ అనే సీ కంపైలర్‌లో ఫీల్డ్‌కు ఎలైన్డ్ ఒక్కటే పెడితే అమరిక (చిరునామా ఎంతతో భాగించబడాలన్న లెక్క) పెరగగలదు కానీ తగ్గదు. హెచ్చరిక కూడా రాదు, సైజు 12 దగ్గరే ఉంటుంది.

లక్షణం: ల్యాప్‌టాప్‌లో అంతా బాగుంటుంది, కార్టెక్స్-ఎం0 అనే చిన్న ప్రాసెసర్ బోర్డు మీద హార్డ్‌ఫాల్ట్ (ప్రాసెసర్ ముందుకు సాగలేని లోపం) వచ్చి ఆగిపోతుంది.

నా నిద్ర పాడుచేసింది ఇదే. ప్యాక్డ్ పెట్టాక బరువు ఫీల్డ్ 1వ ఆఫ్‌సెట్‌లో, అంటే స్ట్రక్చర్ మొదలు నుంచి 1 బైటు దూరంలో పడుతుంది. ఫీల్డ్ పేరుతో నేరుగా చదివితే ఇబ్బంది లేదు. అమరిక లేదని కంపైలర్‌కు తెలుసు కనుక బైటు బైటుగా తెచ్చి కలుపుతుంది. కానీ ఆ ఫీల్డ్ చిరునామాను 32 బిట్ల పూర్ణాంకపు పాయింటర్‌గా మరో ఫంక్షన్‌కు ఇచ్చారనుకోండి. ప్యాక్డ్ అన్న సంగతి పాయింటర్ వెంట వెళ్లదు. అక్కడ కంపైలర్ 4 బైట్లను ఒకే ఆదేశంతో చదవబోతుంది. ఎం0 దాన్ని ఒప్పుకోదు. ఇంటెల్ ప్రాసెసర్ ఒప్పుకుంటుంది కాబట్టి తప్పు ల్యాప్‌టాప్‌లో బయటపడదు.

ప్యాక్డ్‌తో పాటు స్ట్రక్చర్‌కు ఎలైన్డ్ 4 పెట్టి చూశాను. స్ట్రక్చర్ మొదలు సర్దుకుంది, సైజు 8 అయింది, లోపల బరువు మాత్రం 1వ ఆఫ్‌సెట్‌లోనే ఉండిపోయింది. అసలు పరిష్కారం చిన్నది: బరువును ఒక లోకల్ వేరియబుల్‌లోకి తీసుకోండి, దాని చిరునామా ఇవ్వండి. ఫంక్షన్ విలువను మారుస్తే తిరిగి ఫీల్డ్‌లో రాయండి. చేతిలో బైట్ల బఫర్ మాత్రమే ఉంటే బైట్లను నకలు చేసే మెమ్‌కాపీ వాడండి. జీసీసీ 9 నుంచి కంపైలరే ఈ తప్పును హెచ్చరిస్తోంది. గోల ఎక్కువైందని ఆ హెచ్చరికను ఆపేసిన మేక్‌ఫైళ్లు (కంపైల్ సూచనలు ఉండే ఫైళ్లు) నా దగ్గరికి వస్తూనే ఉన్నాయి. ఆ వరుసను ముందు తీసేయండి.

ఒకే స్ట్రక్చర్‌కు రెండు ఫైళ్లలో రెండు సైజులు వస్తే ఏదో హెడర్‌లో ప్యాకింగ్ మార్చే ప్రాగ్మా ప్యాక్ పుష్‌కు, దాన్ని తిరిగి పాత స్థితికి తెచ్చే పాప్ లేదు, వెతకండి. కంపైలర్‌లోనే దోషం ఉందేమో అన్న అనుమానం మీద సమయం పెట్టకండి.

బాగయ్యాక హెడర్‌లోనే స్టాటిక్ అసర్ట్‌తో (కంపైల్ చేసేటప్పుడే జరిగే తనిఖీతో) సైజు 7 అని రాసి పెట్టండి. రేపు ఎవరైనా ఫీల్డ్ చేర్చితే మార్కెట్‌లో బస్తా కాంటా ఎక్కక ముందే కంపైలర్ ఆపుతుంది.